ప్రకృతి వైద్యుడు: చదువు, చికిత్స, వృత్తి

ఆహారం, ఉపవాసం, నీరు, మట్టి, ఎండ, మర్దనం, వ్యాయామం, యోగాసనాలు – వీటితోనే చికిత్స చేసేవాడు ప్రకృతి వైద్యుడు. భారతదేశంలో ఈ వృత్తికి నేటి ప్రామాణిక అర్హత బి.ఎన్.వై.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ నేచురోపతి అండ్ యోగిక్ సైన్సెస్) అనే అయిదున్నరేళ్ల పట్టా. నాలుగున్నరేళ్లు చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. ఉత్తర అమెరికాలో ఈ వృత్తికి ఎన్.డి. (నేచురోపతిక్ డాక్టర్) పట్టా ఉంది, దాని పాఠ్యక్రమం వేరు, వైద్యుడికి దక్కే అధికారాలూ వేరు.

ఆయుర్వేదానికి, యునానీకి, హోమియోపతికి తమతమ మందులున్నాయి. ప్రకృతి వైద్యుడు రాసిచ్చేది మందుల చీటీ కాదు, రోగి రోజంతా ఎలా గడపాలో చెప్పే దినచర్య. అందువల్ల ఈ వృత్తి రెండు విద్యల మీద నిలుస్తుంది. ఒకటి జబ్బేమిటో తేల్చడం, రెండోది మందు లేకుండా దాన్ని మళ్లించడం. మొదటిది ఆధునిక వైద్యం నుంచి వచ్చింది, రెండోది ఆశ్రమాల నుంచి. ఈ రెండూ ఒకే మనిషి చేతిలోకి ఎలా వచ్చాయన్నదే ఈ వృత్తి చరిత్ర. ఎంతవరకు కుదిరాయన్నది నేటికీ చర్చనీయాంశం.

పుట్టుక

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ భాషా ప్రాంతాల్లో ఈ పద్ధతికి రూపం వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన వారిలో చాలామంది వైద్యులు కారు. చన్నీటి చికిత్సకు పేరు తెచ్చిన విన్సెంజ్ ప్రీస్‌నిట్జ్ (1799–1851) సైలీషియాలోని గ్రేఫెన్‌బెర్గ్ గ్రామంలో రైతు. సెబాస్టియన్ క్నైప్ (1821–1897) బవేరియాలో క్రైస్తవ మతాచార్యుడు. లూయీ కూనే (1835–1901) 1883లో లైప్‌జిగ్‌లో చికిత్సాలయం తెరిచాడు. శరీరంలో పేరుకున్న మాలిన్యమే సమస్త రోగాలకూ మూలమనీ, తొట్టి స్నానాలతోనూ పథ్యంతోనూ దాన్ని వెళ్లగొట్టవచ్చనీ చెప్పాడు. మాలిన్యం ఎక్కడ చేరిందో ముఖం, మెడ, ఒంటి తీరు చూసి పట్టుకోవచ్చన్నాడు. మట్టి చికిత్సకు ప్రాచుర్యం తెచ్చిన అడాల్ఫ్ జుస్ట్ (1859–1936) కూడా వైద్యవిద్య చదివినవాడు కాడు.

వైద్యవిద్య చదివినవారు ఆ తరువాత వచ్చారు. వియన్నాలో విల్హెల్మ్ వింటర్‌నిట్జ్, అమెరికాలోని బాటిల్ క్రీక్‌లో జాన్ హార్వే కెలాగ్ నీటి చికిత్సను శరీరధర్మశాస్త్రం వెలుగులో పరీక్షించారు. ఎంత వేడి నీరు ఎంతసేపు తగిలితే రక్తనాళాలు ఎలా స్పందిస్తాయి, గుండె వేగం ఎలా మారుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు వెతికారు. నేటి కళాశాలల్లో నీటి చికిత్సను కొలతలతో బోధించే అలవాటుకు మూలం ప్రకృతి వైద్యంలోని ఈ పాయలో ఉంది. ఉపవాసం, మాలిన్య సిద్ధాంతం మాత్రం కూనే పాయ నుంచి వచ్చాయి.

భారతదేశంలోకి, తెలుగులోకి

కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం ఈ అనువాదంతోనే మొదలైందని ప్రభుత్వ ప్రచురణలు సైతం చెబుతాయి. హిందీ, ఉర్దూ అనువాదాలు దానికి పదేళ్ల తరువాత వచ్చాయి. అయితే తెలుగువారికి పథ్యం కొత్త కాదు. ‘లంఖణం పరమౌషధం’ అన్నది ఇంటింటా వినిపించే మాటే. జ్వరమొస్తే గంజి, విరేచనాలైతే మజ్జిగ అని పెద్దవాళ్లు చెప్పే ఇళ్లలో కూనే సిద్ధాంతం సులువుగానే ఇమిడింది.

ఉద్యమానికి దేశవ్యాప్తంగా గౌరవం తెచ్చినవాడు గాంధీ. దక్షిణాఫ్రికాలో ఉండగానే ఆయన కూనే స్నానాలనూ, జుస్ట్ మట్టి పట్టీలనూ తన మీదా తనవారి మీదా ప్రయోగించాడు. బొంబాయిలో రెండో కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు జరిగిన సంగతి ఆత్మకథలో ఉంది. కోడిరసం, గుడ్లు పెట్టాలని డాక్టరు చెప్పాడు. గాంధీ ఒప్పుకోలేదు. తొట్టి స్నానం, తడి దుప్పటి చుట్టడం, నీళ్లు కలిపిన నారింజ రసంతో గట్టెక్కించాడు. అయితే డాక్టరును పొమ్మనలేదు. మధ్యమధ్య వచ్చి పిల్లవాడి నాడి, ఊపిరితిత్తులు చూసి పరిస్థితి చెప్పమని అడిగాడు. పరీక్ష డాక్టరుది, చికిత్స తండ్రిది. ఆనాడు ఇద్దరు పంచుకున్న ఆ పనులను నేటి ప్రకృతి వైద్యుడు ఒక్కడే చేయవలసి ఉంటుంది. 1924లో గాంధీకి అపెండిసైటిస్ వచ్చినప్పుడు పుణేలోని సాసూన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ఒప్పుకున్నాడు. ఈ పద్ధతికి హద్దులున్నాయని ఆ ఒప్పుకోలే చెబుతుంది.

ఆ హద్దులు ఆంధ్ర సంబంధమున్న మరో ప్రయోగంలోనూ బయటపడ్డాయి. 1929 ఆంధ్ర పర్యటనలో రాజమండ్రికి చెందిన ప్రకృతి వైద్యుడు సుందరం గోపాలరావు ప్రభావంతో గాంధీ వండని ఆహారం తినడం మొదలుపెట్టాడు. ఆ అనుభవాన్ని ‘యంగ్ ఇండియా’లో రాశాడు. కొన్ని నెలలకే నీరసించి, విరేచనాలు పట్టుకుని ఆ ప్రయోగాన్ని విరమించాడు. విరమించిన సంగతినీ అదే పత్రికలో ప్రకటించాడు. 1946లో పుణే దగ్గర ఉరుళీ కాంచన్‌లో పేదల కోసం ప్రకృతి చికిత్సా కేంద్రం ప్రారంభించాడు. దాన్ని నిలబెట్టినవాడు మణిభాయ్ దేశాయ్. అఖిల భారత ప్రకృతి చికిత్సా ట్రస్టు 1945 నవంబరు 18న ఏర్పడింది. ఆ తేదీనే 2018 నుంచి జాతీయ ప్రకృతి వైద్య దినోత్సవంగా జరుపుతున్నారు.

తెలుగు నాట ఉద్యమం గోదావరి, కృష్ణా జిల్లాల్లో బాగా వేళ్లూనింది. భీమవరం దగ్గర వేగిరాజు కృష్ణంరాజు ప్రకృతి ఆశ్రమం రోగులకు చికిత్సాలయంగానే కాక కార్యకర్తలకు శిక్షణ స్థలంగానూ పనిచేసింది. హైదరాబాదులో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో డాక్టర్ బి. వెంకటరావు నెలకొల్పిన నేచర్ క్యూర్ ఆసుపత్రి తరువాత ప్రభుత్వ సంస్థ అయింది. బేగంపేట దాటాక వచ్చే ఎం.ఎం.టి.ఎస్. స్టేషను పేరు కూడా ‘నేచర్ క్యూర్ హాస్పిటల్’ కావడంతో అక్కడ ఎన్నడూ వైద్యం చేయించుకోని నగరవాసికీ ఆ మాట నోటికి అలవాటైంది. ఇటీవలి దశాబ్దాల్లో మంతెన సత్యనారాయణరాజు టీవీ ప్రసంగాలు, కృష్ణా కరకట్ట మీది ఆరోగ్యాలయం, ఉప్పు–నూనె లేని వంటలు ఈ పద్ధతిని మధ్యతరగతి వంటింటిదాకా తీసుకువెళ్లాయి.

ఆశ్రమం నుంచి కళాశాలకు

చాలాకాలం ప్రకృతి వైద్యం గురువు దగ్గర నేర్చుకునే విద్య. ఏ ఆశ్రమంలోనైనా రోగిగా చేరి, నయమై, అక్కడే సేవ చేస్తూ పని నేర్చుకుని, ఊరికి వెళ్లి మరో ఆశ్రమం పెట్టినవారు ఎందరో ఉన్నారు. పుస్తకం కంటే చేతి అనుభవమే వీరి పెట్టుబడి. ఈ తరానికి నమ్మకం ఎక్కువ, శరీరశాస్త్ర పరిచయం తక్కువ. నయమైనవారు ఊరంతా చెబుతారు, నయం కానివారు మరో ఆసుపత్రికి వెళ్లిపోతారు. దాంతో చికిత్సకుడికి తన ఓటమి తెలిసే దారి తక్కువ.

హైదరాబాదులోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల మొదట ఎన్.డి. డిప్లొమా ఇచ్చేది, తరువాత పట్టా స్థాయికి ఎదిగింది. దేశంలో తొలి బి.ఎన్.వై.ఎస్. కోర్సు 1989లో కర్ణాటకలోని ఉజిరెలో శ్రీ ధర్మస్థల మంజునాథేశ్వర కళాశాలలో మొదలైంది. తరువాత కర్ణాటక, తమిళనాడు ఈ చదువుకు ప్రధాన కేంద్రాలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పట్టాను ఇస్తున్నాయి. ఇంటర్‌లో బైపీసీ చదివినవారే అర్హులు. ప్రవేశ విధానం రాష్ట్రాన్నిబట్టి మారుతుంది.

పాఠ్యక్రమం

మొదటి ఏడాది చదువు ఎం.బి.బి.ఎస్. విద్యార్థి చదువును గుర్తుచేస్తుంది. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీతో పాటు ప్రకృతి వైద్య తత్వం, యోగ తత్వం ఉంటాయి. పొద్దున యోగాసనాల సాధన, పగలు డిసెక్షన్ హాల్లో శవపరిచ్ఛేదం. రెండో ఏడాది పాథాలజీ, మైక్రోబయాలజీ, సామాజిక ఆరోగ్యం, ఫోరెన్సిక్ మెడిసిన్, రంగుల చికిత్స, అయస్కాంత చికిత్స వస్తాయి. మూడో ఏట మర్దన విధానాలు, ఆక్యుపంక్చర్, ఉపవాస–పథ్య చికిత్స, మనస్తత్వశాస్త్రం, మందుల గురించిన ప్రాథమిక పాఠం; చివరి ఏట నీటి చికిత్స, ఫిజియోథెరపీ, అత్యవసర చికిత్స, ప్రసూతి–స్త్రీల వ్యాధులు, పరిశోధన పద్ధతులు. విశ్వవిద్యాలయాన్నిబట్టి అంశాల వరుస కొంత మారినా చట్రం ఇదే.

మందులు రాయని వైద్యుడికి ఫార్మకాలజీ ఎందుకన్న సందేహం ఓపీలో కూర్చుంటే తీరిపోతుంది. అక్కడికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నవారు. అన్నం తగ్గించి రసాహారం మీద పెట్టిన మధుమేహ రోగి గ్లిమెపిరైడ్ మాత్రను మామూలుగా వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ మాత్ర ఏం చేస్తుందో తెలియకుండా ఉపవాసం పెట్టించడం ప్రమాదమే. అలాగే టైప్–1 మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే కీటో ఎసిడోసిస్ వస్తుంది. మాత్రల మోతాదు తగ్గించే నిర్ణయం, అవి రాసిన డాక్టరుతో మాట్లాడి తీసుకోవలసినది.

హౌస్ సర్జన్సీలో విద్యార్థులు సొంత ఆసుపత్రిలోని చికిత్సా విభాగాల్లోనూ, అనుబంధ అల్లోపతి ఆసుపత్రిలోనూ పనిచేస్తారు. ఆ పైన ప్రకృతి వైద్యంలోనో యోగలోనో మూడేళ్ల ఎం.డి. చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం తరఫున 1978లో ఏర్పడిన యోగ–ప్రకృతి చికిత్సా పరిశోధన మండలి పరిశోధనకు నిధులిస్తుంది. 1986లో పుణేలోని బాపూ భవన్‌లో జాతీయ ప్రకృతి చికిత్సా సంస్థ మొదలైంది.

చికిత్సాలయంలో ఒక రోజు

ప్రకృతి చికిత్సాలయం దినచర్య తెల్లవారుజామున అయిదింటికే మొదలవుతుంది. గోరువెచ్చని నీళ్లు, జలనేతి, ఆసనాలు, ప్రాణాయామం, ఆ తరువాత పరగడుపునే చికిత్సలు. మొదటిరోజు వైద్యుడు కేసు షీటు రాసేటప్పుడు ఎక్కువ సమయం పట్టేది తిండి అలవాట్లకే. ఎన్నింటికి భోజనం, రాత్రి ఏం తింటారు, విరేచనం ఎలా ఉంటుంది, నిద్ర ఎంత, చేసే పనేమిటి అన్న ప్రశ్నల తరువాత బరువు, బీపీ, నాడి, రక్తపరీక్షలు. తరువాతి రోజుల్లో రౌండ్లకు వచ్చినప్పుడల్లా బరువు, బీపీ చూసి ఆహారం మారుస్తారు.

ఆహారాన్ని మూడు దశలుగా విభజిస్తారు. శోధన దశలో నిమ్మ–తేనె నీళ్లు, కొబ్బరి నీళ్లు, పండ్ల రసాలు, కూరగాయల సూపు, మజ్జిగ. శమన దశలో పండ్లు, పచ్చి కూరముక్కలు, ఆవిరి కూరలు, మొలకలు. చివరి నిర్మాణ దశలో పుల్కా, దంపుడు బియ్యపు అన్నం, పప్పు, పెరుగు. ఉపవాసం విరమించడం కొనసాగించడం కంటే కష్టం. నాలుగు రోజులు రసాల మీద ఉన్నవాడు అయిదో రోజు పూర్తి భోజనం చేస్తే పొట్ట తట్టుకోదు. బాగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా ఆహారం పెడితే రక్తంలోని లవణాల సమతూకం దెబ్బతిని ప్రాణాపాయం కూడా రావచ్చు.

మట్టి పట్టీకి వాడే మట్టి ఎక్కడబడితే అక్కడిది కాదు. ఎరువులు తగలని చోట మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తవ్వి తీసి, ఎండబెట్టి, దంచి, జల్లించి రాత్రంతా నీళ్లలో నానబెడతారు. తడి గుడ్డలో పది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు, అంగుళం మందాన పరచి మడిచి పరగడుపున పొట్ట మీద ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉంచుతారు. చలిగా ఉన్నప్పుడు పైన దుప్పటి కప్పుతారు. మట్టి తేమను నిలుపుకుని నెమ్మదిగా చల్లదనం ఇస్తుందని, ఆ పైన ఎనిమా ఇస్తే మలం సులువుగా కదులుతుందని వీరి అనుభవం.

తొట్టి స్నానానికి కుర్చీలాంటి తొట్టి ఉంటుంది. రోగి వీపు ఆనించి కూర్చుంటాడు, కాళ్లు బయట చిన్న పీట మీద ఉంటాయి. నీళ్లు బొడ్డుదాకా వస్తాయి. పది నుంచి పద్దెనిమిది డిగ్రీల చన్నీళ్లలో పది నుంచి ఇరవై నిమిషాలు కూర్చుని, ముతక గుడ్డతో బొడ్డు నుంచి కిందికీ ప్రక్కలకీ పొత్తికడుపును మెల్లగా రుద్దుకోవాలి. అయిపోయాక ఒళ్లు తుడుచుకుని, వెచ్చబడేదాకా నడవాలి. చల్లదనానికి ముడుచుకున్న చర్మపు రక్తనాళాలు తరువాత విప్పారి వెచ్చదనం రావాలి. అది రాకపోతే నీళ్లు మరీ చల్లగా ఉన్నట్టో, రోగి మరీ నీరసంగా ఉన్నట్టో లెక్క. ఎవరికి ఎంత చలువ అన్నది పుస్తకం చెప్పలేదు. చేత్తో చర్మం తాకి చూసే అలవాటు అందుకే నేర్పుతారు.

పాదస్నానం ఇంకా మామూలు చికిత్స. బకెట్లో నలభై నుంచి నలభై అయిదు డిగ్రీల వేడి నీళ్లు, తల మీద తడి తువ్వాలు, ఒంటి చుట్టూ దుప్పటి. తలనొప్పికీ జలుబుకీ హాయిగా ఉంటుంది. కానీ ఏళ్లుగా మధుమేహం ఉన్న రోగి పాదాల్లో స్పర్శ పోతే ఆ నీళ్లు కాలుతున్న సంగతే తెలియదు, బొబ్బలెక్కి పుండు పడవచ్చు. మొదట పాదాలను దూదితోనో మోనోఫిలమెంట్‌తోనో పరీక్షించి, ఆ తరువాతే నీళ్లు పోయాలి. ఆవిరి స్నానానికి ముందు బీపీ చూడటం, గుండె జబ్బులున్నవారికీ గర్భిణులకూ వద్దనడం కూడా ఇలాంటి జాగ్రత్తలే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొబ్బరి నీళ్లు, పండ్ల రసాలు ధారాళంగా పోస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ఉప్పు లేని ఆహారం బీపీ ఉన్నవారికి మేలు. కానీ నీళ్లు బయటికి పంపే మాత్రలు వేసుకునే వృద్ధులు ఉప్పు పూర్తిగా మానితే సోడియం పడిపోయి అయోమయంలోకి జారుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది.

ఇలాంటి జాగ్రత్తలన్నీ ఒకచోట పోగుపడే అంశం ‘హీలింగ్ క్రైసిస్’. ఉపవాసం మొదట్లో వచ్చే తలనొప్పి, జ్వరం, దద్దుర్లు శరీరం మాలిన్యాన్ని వెళ్లగొట్టే సూచనలని పాత గురువులు చెప్పేవారు. కాఫీ మానినందువల్లనో నీళ్లు తక్కువైనందువల్లనో వచ్చే తలనొప్పిని ఓర్చుకోవచ్చు. జ్వరం మాత్రం మలేరియా కావచ్చు, మూత్రనాళ ఇన్ఫెక్షను కావచ్చు. తెల్లరక్తకణాల లెక్క చూడకుండా ఓర్చుకోమనడం వైద్యం కాదు. బి.ఎన్.వై.ఎస్. చదివినవాడికీ, గురువు దగ్గర పని మాత్రమే నేర్చినవాడికీ తేడా ఇక్కడే కనిపించాలి.

ఆధారాల సంగతి

ప్రకృతి వైద్యంలోని చికిత్సలన్నీ ఒకే స్థాయి ఆధారాల మీద నిలబడి లేవు. ఆహార మార్పు, బరువు తగ్గడం, ఉప్పు తగ్గించడం, వ్యాయామం, యోగ – ఇవి రక్తపోటుకూ మధుమేహానికీ మేలు చేస్తాయని ఆధునిక వైద్యమూ ఒప్పుకుంటుంది. ఉపవాసంపై చెప్పుకోదగ్గ ప్రయోగం నార్వేలో జరిగింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న యాభై ముగ్గురిలో కొందరిని వారం పది రోజులు ఉపవాసం ఉంచి, తరువాత ఏడాదిపాటు శాకాహారం ఇచ్చారు. మిగతావారు మామూలు ఆహారం తిన్నారు. ఉపవాసం, శాకాహారం పాటించినవారిలో కీళ్ల నొప్పి, వాపు తగ్గినట్టు 1991లో ‘లాన్సెట్’లో వచ్చిన నివేదిక చెప్పింది.

కనుపాప చూసి రోగం చెప్పే ఐరిడాలజీ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. 1979లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన పరీక్షలో 143 మంది కళ్ల చిత్రాలను ముగ్గురు ఐరిడాలజిస్టులకు చూపించారు. వారిలో మూత్రపిండాల జబ్బున్నదెవరికో, లేనిదెవరికో ఆ ముగ్గురూ గుర్తుపట్టలేకపోయారు. అయస్కాంతాలు, రంగు సీసాల నీళ్లకు గట్టి ఆధారాలు లేవు. పాఠ్యక్రమంలో ఇవన్నీ అనాటమీ పక్కనే ఉండటం ఈ చదువులోని పెద్ద వైరుధ్యం. పరీక్షకు నిలిచినదాన్ని ఉంచి, నిలవనిదాన్ని చరిత్రపాఠంగా మార్చే పని ఇంకా పూర్తికాలేదు.

మట్టి, నీళ్లు, మర్దనం లాంటి చికిత్సలపై ప్రయోగాలు చేయడంలో ఒక చిక్కుంది. మాత్ర స్థానంలో చక్కెర బిళ్ల ఇచ్చి రోగికి తెలియకుండా పోల్చవచ్చు. తొట్టి స్నానాన్ని అలా దాచలేం. ఆశ్రమంలో పది రోజులుండి బరువు తగ్గినవాడికి ఏది పనిచేసింది – మట్టా, ఉపవాసమా, ఆఫీసుకు సెలవా, పదింటికే నిద్రా? విడదీసి చెప్పాలంటే రోగులను గుంపులుగా విభజించి ఏళ్లపాటు గమనించాలి. ఇంటికెళ్లాక అలవాటు నిలుస్తుందా అన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న.

చట్టం, గుర్తింపు

భారతదేశంలో ప్రకృతి వైద్యుల స్థానం విచిత్రమైనది. ప్రకృతి వైద్యం ఆయుష్ మంత్రిత్వశాఖ పేరులో ఉంది, పరిశోధన మండలి ఉంది. కానీ 2020 నాటి భారతీయ వైద్యవిధానాల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పాలే వస్తాయి. అందువల్ల దేశమంతటికీ ఒకే నియంత్రణ లేదు. నమోదు రాష్ట్రాల చేతిలో ఉంది. కర్ణాటకలో 1961 నాటి నమోదు చట్టం పేరులోనే ప్రకృతి వైద్యం చేరింది. అన్ని రాష్ట్రాల్లో అలా లేదు. ఒక రాష్ట్రంలో నమోదైన వైద్యుడికి పొరుగు రాష్ట్రంలో ఏ హోదా ఉంటుందన్న ప్రశ్న అలాగే మిగులుతోంది. అయిదున్నరేళ్లు చదివినవాడూ, కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవాడూ ఒకే రకం బోర్డు పెట్టుకోగలగడం దీని ఫలితమే. రోగి బోర్డు మీది పట్టా, రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవాలి.

హద్దు దాటినప్పుడు ఏమవుతుందో సుప్రీంకోర్టు 1996లో పూనం వర్మ కేసులో స్పష్టం చేసింది. హోమియోపతిలో నమోదైన వైద్యుడు అల్లోపతి మందులిచ్చిన కేసది. తాను చదవని విధానంలో చికిత్స చేయడమే నిర్లక్ష్యమని కోర్టు తేల్చింది. ఈ సూత్రం ప్రకృతి వైద్యులకూ వర్తిస్తుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధిస్తుంది. ‘షుగర్ మాయం’ అనే గోడ ప్రకటనలు చేయించేవారు ఈ చట్టాన్ని ఎదుర్కోవలసి ఉంటుంది.

ఇతర దేశాల్లో

అమెరికాలో ఈ వృత్తికి ఆద్యుడు బెనెడిక్ట్ లస్ట్ (1872–1945). క్నైప్ దగ్గర నయమై, ఆయన పద్ధతిని ప్రచారం చేయడానికి న్యూయార్క్ వెళ్లి 1901లో కళాశాల స్థాపించాడు. షికాగోలో హెన్రీ లిండ్లార్ రోగాలన్నిటికీ మూలం ఒకటేనని సిద్ధాంతీకరించాడు. ఆయన పుస్తకాలు భారత కళాశాలల్లోనూ చదువుతారు. 1910లో వైద్య కళాశాలల మీద ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చాక వైద్యవిద్య ప్రయోగశాలల వైపు మళ్లి, ఆ తరువాతి దశాబ్దాల్లో ప్రకృతి వైద్య పాఠశాలలు తరిగిపోయాయి. 1956లో పోర్ట్‌లాండ్‌లో జాతీయ కళాశాల, 1978లో సియాటిల్‌లో బాస్టిర్ కళాశాల స్థాపనతో పునరుద్ధరణ మొదలైంది.

నేడు అక్కడ డిగ్రీ తరువాత నాలుగేళ్ల ఎన్.డి. చదువు, ఆ పైన రెండు భాగాల లైసెన్సు పరీక్ష ఉంటాయి. సగానికి మించని సంఖ్యలో రాష్ట్రాలు లైసెన్సు ఇస్తాయి. ఓరెగన్ వంటి చోట్ల పరిమితంగా మందులు కూడా రాయవచ్చు. మూలికలు, విటమిన్లు, హోమియోపతి అక్కడి ప్రకృతి వైద్యుడి చేతిలోని ప్రధాన సాధనాలు. భారతీయ ప్రకృతి వైద్యం ఔషధరహితమని చెప్పుకుంటుంది కాబట్టి రెండూ పేరులో మాత్రమే దగ్గర. తెలుగు విద్యార్థి బి.ఎన్.వై.ఎస్. చేసి అమెరికా వెళ్తే ఆ పట్టాతో నేరుగా అక్కడ వైద్యం చేయలేడు. జర్మనీలో 1939 నాటి చట్టం కింద హైల్‌ప్రాక్టికర్లు అనే చికిత్సకులు పనిచేస్తారు. వారికి నిర్దేశిత కళాశాల చదువు లేదు. ఆరోగ్యశాఖ పరీక్ష ఉత్తీర్ణులైతే చాలు.

వృత్తి పరిస్థితి

చదువు పూర్తిచేసినవారు ప్రైవేటు చికిత్సాలయాలు, బెంగళూరులోని జిందాల్ వంటి పెద్ద సంస్థలు, ప్రభుత్వ యోగ కేంద్రాలు, రిసార్టులు, సొంత క్లినిక్కులు చూసుకుంటారు. రిసార్టుల్లో వేతనం మెరుగ్గా ఉన్నా పని మసాజులకే కుదించుకుపోయే ప్రమాదం ఉంది. ప్రభుత్వ కొలువులు తక్కువ. సొంత క్లినిక్కులో మరో చిక్కు: రోగికి మందు చీటీ కావాలి, డాక్టరు ఇచ్చేది దినచర్య; ఫీజు ఇచ్చి ‘తినొద్దు’ అన్న మాట కొనుక్కోవడానికి చాలామందికి మనసొప్పదు. అందుకే ఈ వైద్యుడికి రోగితో మాట్లాడి ఒప్పించే నేర్పు కూడా అవసరం.

ఈ వృత్తి బలం రోగికి తన ఆరోగ్యం మీద తనకే పట్టు ఇవ్వడంలో ఉంది. బలహీనత కూడా అక్కడి నుంచే వస్తుంది: నయమైతే పథ్యానిది గొప్ప, కాకపోతే రోగిది తప్పు అనే ధోరణి. దాన్ని సరిచేయగలది లెక్కల పుస్తకమే. ఎవరు చేరారు, ఎన్ని రోజులున్నారు, ఎవరిని పెద్దాసుపత్రికి పంపారు, ఏడాది తరువాత ఎలా ఉన్నారు అన్న వివరాలు ప్రతి చికిత్సాలయమూ రాసిపెట్టుకుంటే, వంద మందిలో ఎందరికి మేలు జరిగిందో చెప్పగలిగే వైద్యులు తయారవుతారు. నేటి కళాశాలల ముందున్న అసలు పరీక్ష అదే.